యుద్ధం ఎప్పుడయిపోయింది? ఆడవాళ్ల పద్యాల్ని అడిగితే వేరే తేదీ చెప్తాయి

మా అక్క కూతురు తిరుపతిలో ఎంఏ తెలుగు చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి "చిన్నమ్మా, సెమినార్‌కి పేపర్ రాయాల, టాపిక్ ఇచ్చేసినారు, కొంచెం పాయింట్లు చెప్పు" అనింది. టాపిక్ ఏందే అంటే "స్త్రీల యుద్ధ కవిత్వం: శాంతి సందేశం" అంట. నేను ఆ రెండో సగం దగ్గరే ఆగిపోయినా. శాంతి సందేశం అని ముందే హెడ్డింగ్ పెట్టేస్తే ఇంక చదివేదానికి ఏముంది, జవాబు పైన రాసేసి కింద లెక్క చేసినట్టు కదా అది. సరే రా అని లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగతా రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఆ మాటలకి ఇంటికొచ్చి ఇంకొన్ని కలుపుకుంటే ఇంతయింది.

ఆడమనిషి యుద్ధం గురించి రాసిందంటే ఏడ్చుంటుంది, లేదంటే యుద్ధం వద్దు బాబూ అని చెప్పుంటుంది అని మన బుర్రలో ఒక అచ్చు తయారుగా ఉంటుంది. ఆ అచ్చులో పట్టని పద్యాలే ఎక్కువ. కొడుక్కి నూనె రాసి తల దువ్వి యుద్ధానికి పంపిన అమ్మ ఉంది, మొగుడి గెలుపు మీద ఏకంగా కావ్యమే రాసిన రాణి ఉంది, ఎదుటి రాజు ఆయుధాలు చూసి నవ్వుకున్న రాయబారి ఉంది, తుపాకీ పట్టుకుని కవిత్వం రాసిన పిల్ల కూడా ఉంది. వీళ్లందర్నీ ఒకే శాంతి గంపలో వేసి మూత పెడితే ఎట్లా.

ఇంకో చిక్కు 'అనుభవం' అనే మాటలో ఉంది. యుద్ధం అనుభవించడం అంటే కందకంలో కూర్చోడం, తూటా తగలడం, పక్కనోడు చచ్చిపోతే చూడటం, ఇదే లెక్క. ఆ లెక్కన ఆడవాళ్లు ప్రేక్షకులే. మొదటి ప్రపంచయుద్ధం కవిత్వం అనగానే ఇంగ్లీష్ సిలబస్‌లో నలుగురైదుగురు సైనిక కవుల పేర్లే వస్తాయి కదా, 1978లో క్యాథరిన్ రైలీ అని ఒకావిడ కూర్చుని ఆ యుద్ధం మీద పద్యాలు అచ్చేసిన బ్రిటన్ వాళ్లందర్నీ లెక్కపెడితే 2,225 మంది తేలారు, అందులో కనీసం 532 మంది ఆడవాళ్లు. దగ్గరదగ్గర నలుగురిలో ఒకరు. అంత మంది రాసినా సిలబస్‌లోకి ఎక్కలేదు. రైలీ 1981లో వాళ్ల పద్యాలు ఏరి ఒక సంకలనం వేసింది, దాని పేరు వెరా బ్రిటన్ అనే కవయిత్రి రాసిన ఒక పాదంలోంచి తీసుకుంది, నీ ఒంటి మీది గాయాలు నా గుండె మీద మచ్చలు అని తమ్ముడికి రాసిన పాదం అది. ఆమె ఆ పద్యం రాసిన నాలుగు రోజులకి, 1918 జూన్ 15న, ఆ తమ్ముడు ఇటలీలో చనిపోయాడు. ఆమె ఇంట్లో కూర్చుని రాయలేదండోయ్, లండన్‌లో, మాల్టాలో, ఫ్రాన్స్‌లో మిలిటరీ ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసింది.

అదే టైంలో జెస్సీ పోప్ అని ఇంకొకావిడ యుద్ధాన్ని ఆటతో పోల్చి, ఆడేదానికి ఎవరొస్తారు రండి అని కుర్రాళ్లని రెచ్చగొట్టే పద్యాలు రాసేది. సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ తన ఫేమస్ పద్యం చిత్తుప్రతిలో ముందు ఆమె పేరుకే అంకితం రాశాడు, పొగడ్డానికి కాదు, నువ్వు ఇక్కడికొచ్చి విషవాయువు పీల్చి అప్పుడు మాట్లాడు అని. అంటే అదే దేశం, అదే యుద్ధం, ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె గాయాలకి కట్లు కడతా ఉంది, ఇంకొకామె గాయాలవ్వడానికి మనుషుల్ని పిలస్తా ఉంది. మా పిల్ల ఇది విని "అయితే శాంతి సందేశం?" అనింది. అదే నేను చెప్పేది.

సరే, ఇంగ్లండ్ దాకా ఎందుకు, మన గడప దగ్గరికి వద్దాం. పాత తమిళ వాళ్లు తమ దేశానికి హద్దులు చెప్పేటప్పుడు ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి అన్నారు. వేంగడం అంటే మన తిరుమల కొండే. అంటే సంగం అనే ఆ పాత తమిళ కవిత్వానికి మనం గట్టు మీద ఉన్నాం, చిత్తూరు వాళ్లకి తమిళం పరాయి భాష అంటే ఎవురూ నమ్మరు కూడా. ఆ సంగం సంపుటాల్లో పుఱనానూరు అని ఉంది, 400 పద్యాలు, ఎక్కువ భాగం రాజులూ యుద్ధాలూ దానాలూ. రాసినవాళ్లలో ఆడవాళ్లున్నారు, వాళ్ల పేర్లు పద్యం కింద ఉన్నాయి, రెండువేల ఏళ్ల నాటి సంగతి ఇది.

అందులో 279వ పద్యం ఒక్కూర్ మాశాత్తియార్ రాసింది. దీన్ని వీరమాత పద్యం అని తమిళనాట స్టేజీల మీద గొంతెత్తి చెప్తుంటారు. నాకు వచ్చినంతలో మన మాటల్లో పెడతా, ఛందస్సు గిందస్సు అడగొద్దు:

పాడుగాను దీని మనసు, ఎంత కరుకు దీని తెగువ
పాత వీరుల ఇంటి ఆడది అనిపించుకునింది
మొన్నటి పోరులో దీని తోడబుట్టినోడు
ఏనుగుని కొట్టి ఆ నేల మీదే పోయినాడు
నిన్నటి పోరులో దీని మొగుడు
ఆలమందకి అడ్డం నిలబడి ఆడే పడినాడు
ఈ పొద్దు మళ్లా డప్పు వినబడింది
ఉబలాటం పుట్టి, మతి చెదిరి
చేతికి ఈటె ఇచ్చి, తెల్లబట్ట కట్టి
రేగిన సిగకి నూనె రాసి
ఒక్క కొడుకు తప్ప ఇంకెవరూ లేనిది
పోరు దిక్కు చూసి పో అంటా ఉంది

(తోడబుట్టినోడు అని నేను రాసిన చోట తండ్రి అని చెప్పే వ్యాఖ్యాతలు కూడా ఉన్నారు, ఆ పాతమాట రెండిటికీ పట్టుద్ది.)

ఇప్పుడు మొదటి మాట చూడండి. 'కెడుక సిందై', చెడిపోను దీని మనసు. మన ఊళ్లల్లో పెద్దోళ్లు ఓర్నీ పాడుగాను అంటారు చూడు, అందులో తిట్టు ఎంత, మెచ్చుకోలు ఎంత, దిమ్మెరపోవడం ఎంత అని తూకం వేసి చెప్పగలమా? ఇదీ అంతే. ఇంకోటి, పద్యంలో మాట్లాడేది ఆ తల్లి కాదు. గుమ్మం అవతల నిలబడి ఇంకో ఆడమనిషి ఆ తల్లిని చూస్తా ఉంది. తల్లి నోట్లోంచి మనకి వినబడేది చివర్లో ఆ ఒక్క 'పో' అనే మాటే. మధ్యలో 'మయంగి' అని ఒక మాట వేసింది మాశాత్తియార్, మైకం కమ్మడం, తికమకపడటం. స్టేజీ మీద చెప్పేవాళ్లు ఈ మాట దగ్గర స్పీడుగా పోతారు, నాకైతే పద్యమంతా ఆ మాట మీదే నిలబడినట్టు ఉంటుంది. మొన్న ఒకడు, నిన్న ఒకడు, ఈ పొద్దు ఇంకొకడు అని లెక్క చెప్పుకుంటా పోయి రేపటి గురించి నోరెత్తదు. రేపటికి ఇంట్లో ఎవరున్నారు గనక.

ఇది యుద్ధాన్ని పొగిడే పద్యమా, తిట్టే పద్యమా? రెండూ కాదు అంటే తప్పించుకున్నట్టు ఉంటుంది గానీ, నిజంగా ఇది చూసిన పద్యం. చూసి నోట మాట రాక, పాడుగాను అన్న పద్యం.

అన్నీ ఇట్లా ఉండవు, కొన్ని పచ్చి వీరావేశమే. కావఱ్‌పెండు అనే ఆమె పద్యంలో (ఇది 86) ఎవరో గుడిసె స్తంభం పట్టుకుని నీ కొడుకేడమ్మా అంటే, యాడున్నాడో నాకేం తెలుసు, పులి పండుకుని పోయిన రాతి గుహ మాదిరి వాణ్ని కన్న కడుపు మాత్రం ఇదిగో, వాడు కావాలంటే యుద్ధం జరిగే చోట కనబడతాడు పో అంటుంది. గర్వమే, సందేహం లేదు. కానీ ఖాళీ గుహ అని పోల్చుకోవడం గర్వంలోంచి ఒక్కదాన్లోంచే వస్తుందా అని నాకు అనుమానం.

ఈ పద్యాల్లో ఆలమంద కోసం పోయే ప్రాణాలు మనకి కొత్తేం కాదు. చిత్తూరు జిల్లాలో పలమనేరు, పుంగనూరు వైపు పొలాల గట్ల మీద, ఊరి మొదట్లో వీరగళ్లు ఉంటాయి, చాలావరకు ఇట్లాంటి మందల కొట్లాటల్లో పోయినోళ్లవే. రాయి మీద కత్తి పట్టుకున్న మగాడు, పైన వాణ్ని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. ఈ వీరగళ్ల జాతిలోనే సతి రాళ్లు కూడా ఉంటాయి, రాయలసీమలోనూ కర్ణాటకలోనూ. చాలావాటి మీద మనిషి ఉండదు. నిలువు దిమ్మెలోంచి ఒక చెయ్యి పొడుచుకొచ్చి మోచేతి దగ్గర మడిచి పైకి లేచి ఉంటుంది, మణికట్టుకి గాజులు. మొహం లేదు, పేరు లేదు, ఒక చెయ్యి, గాజులు. వాటికి ఎన్నో వందల ఏళ్ల ముందే రాసిన మాశాత్తియార్ పద్యంలో మాత్రం చేతులు పని చేస్తున్నాయి, ఈటె అందిస్తున్నాయి, బట్ట కడుతున్నాయి, నూనె రాస్తున్నాయి. శిల్పి చెక్కిన చెయ్యికీ, ఆడమనిషి రాసిన చెయ్యికీ తేడా నాకు ఇదే అనిపిస్తుంది.

మొగుడి గెలుపుని రాసిన రాణి అన్నాను కదా, ఆమె గంగాదేవి. విజయనగరం బుక్కరాయల కొడుకు కుమార కంపన భార్య, 14వ శతాబ్దం. రాసింది సంస్కృతంలో, 'మధురావిజయం', కానీ మొదటి సర్గలో పాత కవుల్ని తలుచుకుంటా మన తిక్కనని కూడా పొగిడింది, అందుకే ఆమె తెలుగు ఆడపడుచే అయ్యుంటుందని చాలామంది పండితుల మాట. కంపన దండు ముళబాగిలు మీదుగా కదిలింది, అదేనండీ చిత్తూరు నుంచి బెంగుళూరు బస్సు పోయే దార్లో వస్తుంది, అక్కడినుంచి కంచి వైపు దిగి శంబువరాయల్ని ఓడించి, తర్వాత మధుర సుల్తాను మీదికి పోయాడు. ఈ కావ్యం అయిదారు వందల ఏళ్లు ఎవరికీ కనబడకుండా ఉండి, 1916లో తిరువనంతపురంలో రెండు వేరే పుస్తకాల మధ్య ఇరుక్కున్న తాటాకుల్లో దొరికింది, అది కూడా అక్కడక్కడా తెగిపోయి.

గంగాదేవి శాంతి కోరలేదు. శత్రువుని రాక్షసుణ్ని చేసి రాసింది, ఓ దేవత వచ్చి రాజుకి కత్తి ఇచ్చి నరుకు అని చెప్పినట్టు రాసింది. ఈరోజు ఆ పద్యాలు పట్టుకుని ఎవరి గొడవకి వాళ్లు వాడుకునేవాళ్లున్నారు, అది వేరే తలనొప్పి. నేను చూసేది ఆ దేవత రాజుకి చెప్పే మధుర వర్ణన. ఊరి చుట్టూ ఉన్న కొబ్బరితోటలు కొట్టేసి వాటి జాగాలో ఇనప శూలాలు వరసగా పాతి పుర్రెలు వేలాడదీశారంట. మద్దెల మోగిన గుళ్లల్లో నక్కల ఊళలు. కావేరి కట్టలు తెగి ఇష్టమొచ్చినట్టు పారుతోంది. చూడండి, యుద్ధం వస్తే మొదట ఏం పోతాయి, తోట, గుడి, ఏటిగట్టు. కోట గోడల కంటే ముందు అవి చెప్పింది. ఆమె గెలిచిన వైపు మనిషే, రాజుగారి భార్యే, పల్లకీలోంచి చూసిందో విన్నదో, అయినా కన్ను పోయింది మాత్రం ఏటిగట్టు మీదికి. గెలిచినోళ్ల వైపు రాస్తే అది స్త్రీల యుద్ధ కవిత్వం కాదు అని తీసేస్తే మనం ఈమెని పోగొట్టుకుంటాం.

రెచ్చగొట్టడం సంగతికొస్తే అఫ్ఘానిస్తాన్ వాళ్ల లండే గురించి చెప్పాల. పష్తో భాషలో రెండే పాదాల పాట, మొదటి పాదం 9 అక్షరాలు, రెండోది 13, అంతే. బావి దగ్గరా పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడుకునేది, ఎవరు కట్టారో పేరుండదు, మన దంపుళ్ల పాటలకి ఎవరి పేరుంది గనక. 1880 జులైలో మైవంద్ దగ్గర బ్రిటిష్ వాళ్లతో యుద్ధంలో వెనక్కి తగ్గుతున్న మగాళ్లని మలాలై అనే పిల్ల ఒక లండే పాడి మళ్లా ముందుకి తోసిందని వాళ్ల కథ: మైవంద్‌లో నువ్వు చావకుండా బతికావంటే, సిగ్గుకి గుర్తుగా ఎవరో నిన్ను దాచిపెట్టుకున్నారని అర్థం. అచ్చం మన పుఱనానూరు తల్లుల గొంతే. పేరు లేకపోవడం వల్ల ఒక సౌకర్యం ఉంది, ఈ పాట నాది కాదు, యాడో విన్నా అని చెప్పి తప్పించుకోవచ్చు. మగాళ్లని ఎగదోసే లండేలూ, ప్రేమ లండేలూ, మొగుణ్ని తిట్టే లండేలూ, డ్రోన్ల మీద లండేలూ అన్నీ ఆ చాటునే బతికాయి.

పుఱనానూరులోదే, సంగం కవయిత్రి అవ్వైయార్ పద్యం ఒకటి చెప్పి ముందుకి పోతా, అది నాకు నవ్వొచ్చే పద్యం. అదియమాన్ అనే చిన్న రాజు తరఫున ఆమె కంచి తొండైమాన్ దగ్గరికి రాయబారం పోయింది. ఆయన గొప్పగా ఆయుధశాల చూపించాడు. ఆమె అనిందీ, అబ్బ, వీటికి నెమలీకలు కట్టారు, నెయ్యి రాశారు, దండలేశారు, కాపలా పెట్టారు, ఎంత బాగున్నాయో, మా రాజువి ఉన్నాయి ఎందుకూ, శత్రువుల్ని పొడిచి పొడిచి మొనలు విరిగి ఎప్పుడు చూడు కమ్మరి కొట్టంలోనే పడుంటాయి. అంటే నీవి కొత్తగా ఉన్నాయంటే వాడలేదని కదా నాయనా. యుద్ధం జరగకుండా ఆపేదానికి పోయిన ఆడమనిషి చేసిన పని ఇది, కానీ శాంతి అనే మాట ఎక్కడా అనలేదు.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది. మా పిల్లని తీసుకుని చిత్తూరులో మా పెద్దమ్మ ఇంటికి పోయినా, ఎందుకంటే ఆమె పుట్టిల్లు గుడియాత్తం, తమిళం చదవడం రాయడం బాగా వచ్చు, నా తమిళం అంతా సినిమా తమిళమే. పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తా కూర్చుని ఉంది, చేతికి కత్తిపీట. పారి కూతుర్ల పద్యం గుర్తుందా పెద్దమ్మా అంటే తలెత్తకుండానే మొదలుపెట్టింది, "అట్రైత్ తింగళ్ అవ్వెణ్ణిలవిల్..."

అయిదే పాదాలు (పుఱనానూరులో 112వ పద్యం). పారి అనే చిన్న రాజుకి ఒక కొండ ఉండేది. చేర, చోళ, పాండ్య ముగ్గురూ కలిసి ముట్టడి చేసి చంపేశారు. ఆయన కూతుర్లు ఇద్దరు పాడిందని చెప్పే పద్యం:

ఆ నెల ఆ వెన్నెల్లో
మాకు నాయన ఉండె, మా కొండ ఎవురూ తీసుకోలే
ఈ నెల ఈ వెన్నెల్లో
గెలుపు డప్పు కొట్టే రాజులు
మా కొండ తీసుకున్నారు, మాకు నాయన లేడు

తమిళంలో తింగళ్ అంటే చంద్రుడూ, నెలా. తెలుగులో కూడా నెల అంటే నెలే కాదు చంద్రుడు కూడా, నెలవంక అంటాం కదా, వెణ్ణిలవు అంటే మన వెన్నెలే. అందుకే ఈ పద్యం తెలుగులోకి తేవడానికి కష్టపడాల్సిన పని లేదు, ఇంట్లోంచి పక్క గదిలోకి వచ్చినట్టు వచ్చేస్తుంది. ఇంకోటి కూడా చూడండి, మా కొండ, మా నాయన, మన కాదు. వినేవాళ్లని కలుపుకోని 'మా' అది, తమిళంలోనూ అంతే. నువ్వు ఎవరివో గానీ ఇది పోయింది మాకు, నీకు కాదు అని. ఈ తేడా మన భాషల వాళ్లకి చెప్పకుండానే చెవికి తగులుద్ది.

యుద్ధం ఈ పద్యంలో లేదు. రెండు వెన్నెలల మధ్య ఆ చీకట్లో జరిగిపోయింది. ముట్టడి, కోట, చావు, ఏదీ చెప్పలేదు. ఒక పౌర్ణమికీ ఇంకో పౌర్ణమికీ తేడా ఏందో చెప్పి ఊరుకున్నారు. ఆడవాళ్ల యుద్ధ కవిత్వంలో నాకు మళ్లీమళ్లీ కనబడేది ఇదే, కాలం లెక్క. చరిత్ర పుస్తకానికి యుద్ధం ఒక తేదీన మొదలై ఒక తేదీన అయిపోతుంది. ఈ పద్యాలు ఆ తేదీల్ని ఒప్పుకోవు.

మా పిల్ల ఇది నోట్సులో రాసుకుంటుంటే పెద్దమ్మ గింజ తీసి చేటలో వేస్తా అనింది, "మీ పెద్దనాయన మిలిటరీలో ఉన్నప్పుడు 71లో యుద్ధం పదమూడు రోజులంట. డిసెంబర్ పదహారుకి అయిపోయిందని రేడియోలో చెప్పినారు, అందరూ స్వీట్లు పంచినారు. నాకు ఫిబ్రవరిలో అయిపోయింది. ఆయన జాబు ఫిబ్రవరిలో కదా వచ్చింది." మధ్యలో జనవరిలో ఒక మనియార్డర్ వచ్చిందంట, డబ్బొచ్చిందంటే మనిషి ఉన్నట్టే అని చుట్టుపక్కలోళ్లు ధైర్యం చెప్పినారంట, కానీ ఫారం మీద తేదీ చూస్తే నవంబర్‌ది. ఆ ఫారాన్ని ఎన్నిసార్లు చూసినా నవంబరే ఉండింది అనింది, చింతపండు వైపే చూస్తా.

మన స్త్రీల పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర గుర్తొచ్చింది నాకు. లంకలో అంత యుద్ధం జరిగి పట్టాభిషేకం అయ్యాక పాట మొదలవుతుంది, లక్ష్మణుడు ఇంటికొస్తే పద్నాలుగేళ్ల నిద్రలో ఉన్న భార్య గుర్తుపట్టదు, ఎవరయ్యా నువ్వు, మా నాయన జనకరాజుకి తెలిస్తే నీ పని పడతాడు అని తిడుతుంది. ఇంద్రజిత్తుని చంపినోడు గది గుమ్మంలో నిలబడి నేను నీ మొగుణ్ని అని చెప్పుకోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అవ్వోళ్లు ఇది పాడుకునేవాళ్లు, యుద్ధ కవిత్వం అనే మాట వాళ్లు ఎరగరు.

యుద్ధం తర్వాత సంగతిని అందరికన్నా పొడిగా చెప్పింది పోలండ్ కవయిత్రి షింబోర్‌స్కా. 1996లో నోబెల్ వచ్చింది ఆమెకి. 'ముగింపూ మొదలూ' అని 1993 నాటి పద్యంలో, ప్రతి యుద్ధం తర్వాతా ఎవరో ఒకరు ఊడ్చాల కదా, అదంతట అది సర్దుకోదు కదా అని మొదలుపెడుతుంది. శవాల బండ్లు పోయేదానికి దారిలో చెత్త ఎవరో పక్కకి తొయ్యాల, గోడకి ఆనించేదానికి దూలం ఎవరో మొయ్యాల, ఇదేం ఫోటోకి పనికొచ్చే పని కాదు, కెమెరాలన్నీ అప్పటికే ఇంకో యుద్ధానికి పోయుంటాయి. ఎవరో అంటుందే గానీ ఆడవాళ్లు అనదు. పొద్దున్నే చీపురు పట్టుకునేదెవరో అనాల్సిన అవసరం ఏముంది.

ఇరాక్ కవయిత్రి దున్యా మిఖాయిల్ అదే సంగతిని ఎగతాళిగా తిప్పి చెప్పింది. యుద్ధం ఎంత కష్టజీవో అని మెచ్చుకుంటుంది, పొద్దున్నే లేస్తుంది, సైరన్లని లేపుతుంది, అంబులెన్సుల్ని పరిగెత్తిస్తుంది, కృత్రిమ కాళ్లు చేసేవాళ్లకి పని కల్పిస్తుంది, ఇంత చేసినా దానికి ఒక్కరూ శభాష్ అనరు పాపం అని. మన ఇళ్లల్లో ఆడవాళ్ల గురించి మాట్లాడే మాటలే అవి, పొద్దున్నే లేస్తుంది, అందరికీ చేసి పెడుతుంది, ఎవరూ మెచ్చుకోరు. ఆ మాటలు తీసుకెళ్లి యుద్ధానికి తొడిగింది. తొంభైల్లో ఆమె దేశం వదిలి పోవాల్సొచ్చింది.

యుద్ధం మధ్యలో ఉండి రాసినవాళ్ల దారి వేరు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి 872 రోజులు, 1941 చలికాలంలో ఉద్యోగికీ, ఇంట్లో ఉండే మనిషికీ రోజుకి 125 గ్రాముల రొట్టె, అంటే మనం టీలో ముంచుకునే బ్రెడ్డు నాలుగైదు స్లైసులు, అదీ సగం పిండి కానివి కలిపి. ఓల్గా బెర్గోల్ట్స్ ఆ ఊళ్లో రేడియోలో పద్యాలు చదివేది. 1942 జనవరిలో ఆమె భర్త పోయాడు, అయినా మైకు దగ్గరికి పోయింది. యుద్ధం తర్వాత లక్షల మందిని పూడ్చిన పిస్కర్యోవ్ శ్మశానం గోడ మీద ఆమె మాటలే చెక్కారు, ఎవరినీ మర్చిపోలేదు, దేన్నీ మర్చిపోలేదు అని. అదే దేశంలో యూలియా ద్రూనినా ముందువరసలో నర్సుగా పనిచేసి 1943లో నాలుగే పాదాలు రాసింది, మనుషులు మీద పడి కొట్టుకోవడం నేను ఒక్కసారే చూశా, మెలకువలో ఒకసారి, కలల్లో వెయ్యిసార్లు, యుద్ధం భయంగా ఉండదు అనేవాడికి యుద్ధం గురించి ఏమీ తెలీదు. ఒకటి, వెయ్యి. ఇక్కడ కూడా లెక్కే చూడండి, కేలండర్‌లో ఒక రోజు, ఆమెకి వెయ్యి రాత్రులు.

హిరోషిమాలో కురిహర సదాకో 1945 ఆగస్టులోనే రాసిన పద్యం ఒకటుంది, దాన్ని చదివాక రెండ్రోజులు వేరే ఏదీ చదవలేకపోయినా. కూలిన బిల్డింగ్ కింద నేలమాళిగ, కొవ్వొత్తి కూడా లేదు, గాయపడ్డవాళ్లు కిక్కిరిసి ఉన్నారు, రక్తం వాసన, చెమట, మూలుగులు. ఆ చీకట్లో ఒకామెకి నొప్పులు మొదలయ్యాయి. అందరూ తమ నొప్పి మర్చిపోయి ఆమె గురించి కంగారు పడ్డారు. అంతదాకా మూలుగుతున్న ఒకామె నేను మంత్రసానిని, నేను పోస్తా పురుడు అనింది. బిడ్డ పుట్టింది. తెల్లారకముందే రక్తం కారతానే మంత్రసాని పోయింది. ఈ పద్యంలో బాంబు అనే మాట ఒక్కసారి వచ్చి పోతుంది అంతే, పురుడే ముఖ్యం. 1946లో ఆమె పుస్తకం వేస్తే అమెరికా సెన్సార్ వాళ్లు కొన్ని పద్యాలు కోసేశారు, పూర్తి పుస్తకం 1983 దాకా రాలేదు.

మనకి పక్కనే ఉన్న శ్రీలంక సంగతి తెలుగులో చాలా తక్కువ మాట్లాడుకుంటాం, అక్కడి తమిళ ఆడవాళ్లు ఎంత రాశారో చెప్పలేను. 1986లో జాఫ్నాలో 'సొల్లాద సేదిగళ్' అని, చెప్పని సంగతులు అని ఒక సంకలనం వచ్చింది, అక్కడి ఆడవాళ్ల కవితలతో. అందులో రాసినవాళ్లలో ఒకామె శివరమణి, ఆమె కవిత ఒకటి పెద్దమ్మ తమిళంలోనే చదివి మాకు చెప్పింది. యుద్ధం రాత్రుల ఒత్తిడి మా పిల్లల్ని పెద్దోళ్లని చేసేస్తోంది అంటుంది. తూనీగ రెక్కలు పీకడం, కట్టెపుల్లని తుపాకీ చేసి స్నేహితుణ్నే శత్రువనుకుని చంపడం మా పిల్లల ఆటలైపోయాయి అంటుంది. శివరమణి 1991లో ఇరవైమూడేళ్లకే పోయింది, పోయేముందు తన కవితలు చేతికి దొరికినన్ని కాల్చేసింది. అచ్చయినవీ, వేరేవాళ్ల దగ్గర ఉన్నవీ మిగిలాయి. అదే ఏడాది తమిళ పులుల (ఎల్టీటీఈ) దళంలో పోరాడతా ఏనుగుకనుమ (ఎలిఫెంట్ పాస్) దగ్గర చచ్చిపోయిన వానతి కూడా కవితలు రాసింది, ఆమెది పోరాటం కవిత్వమే. ఒకే యుద్ధం, ఒకే భాష, ఒకే ఏడాది. మా పిల్ల ఇద్దర్నీ ఒకే పేజీలో రాసుకుని మధ్యలో గీత గీసింది, తర్వాత ఎందుకో ఆ గీత కొట్టేసింది.

ఇదేదో అయిపోయిన చరిత్ర కాదు. ఉక్రెయిన్‌లో విక్టోరియా అమెలినా నవలలు రాసుకునే మనిషి, 2022లో యుద్ధం పెరిగాక నవల రాయలేక కవితలు రాసింది, యుద్ధ నేరాల సాక్ష్యాలు సేకరించడానికి ఊళ్లు తిరిగింది, ఇంకో రచయిత తోటలో పాతిపెట్టిన డైరీని తవ్వి తీసింది, 2023లో క్రమతోర్స్క్‌లో ఒక రెస్టారెంట్ మీద మిసైల్ పడి గాయాలతో జులై 1న చనిపోయింది. అదే ఏడాది అక్టోబర్ 20న గాజాలో హిబా అబూ నదా పోయింది, ఆమె కవయిత్రీ, నవలాకారిణీ. వీళ్ల తేదీలు రాయడం నాకు ఇష్టం లేదు, కానీ తేదీలు రాయకపోతే అది ఎప్పటిదో అనుకుంటారు.

మా పిల్ల చివరికి టాపిక్ మార్చుకోలేదు, ఫామ్ సబ్మిట్ అయిపోయిందంట, శాంతి సందేశం అట్లనే ఉండి లోపల మాత్రం ఇదంతా రాసింది. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది, అవ్వ చెప్పింది కూడా వేసినా చిన్నమ్మా, నాకు ఫిబ్రవరిలో అయిపోయింది అనే మాట, కానీ కోట్ చేస్తే పుస్తకం పేరూ పేజీ నంబరూ వెయ్యాలంట, ఏం వెయ్యాల? నేను పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగినా. ఆ మనియార్డర్ ఫారం మీద ఒక నంబర్ ఉంటాది, కావాలంటే బీరువాలో చూసి చెప్తా అనింది.